ఎన్నేండ్ల ఇల్లు?

పట్టాదారు పాసు పుస్తకం తెరిచి చూడండి. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, మెట్టో మాగాణో ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది. గడువు తేదీ మాత్రం ఉండదు. డ్రైవింగ్ లైసెన్సుకు ఉన్నట్టు భూమికీ ఒక ఆఖరి తేదీ ఉండొచ్చన్న ఊహే మనకు రాదు. కొన్నామంటే కొన్నట్టే. మనం పోయినా పిల్లలకు ఉంటుంది.

ఆ నమ్మకంతోనే మన పిల్లలు లండన్లో ఫ్లాట్లు కొంటున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

పులివెందుల పక్కన, వేముల మండలం తుమ్మలపల్లె వైపు నాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. చీనీ తోట ఉంది, రెండు బోర్లున్నాయి, ఒక్కగానొక్క కొడుకు లండన్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. నెల నెలా అద్దె కట్టడం దండగని ఆ అబ్బాయి ఒక ఫ్లాటు చూసుకున్నాడు. మొదట కట్టాల్సిన సొమ్ముకు కొంత తక్కువ పడింది. తోటలో రెండెకరాలు అమ్ముదామని ఇంట్లో మాట నడిచింది. ఒక రాత్రి ఫోన్లో తండ్రీ కొడుకుల మధ్య జరిగిన సంభాషణ ఇది.

"ఎన్నేండ్లకు రాసిస్తారంట రా?"

"ఎనభై ఒకటి ఉండాయి నాయనా."

"ఆ పైన?"

"ఆ పైన పొడిగించుకోవచ్చంట."

"ఎవరు పొడిగిస్తారు? ఎంతకంట?"

కొడుకు దగ్గర జవాబు లేదు. వాకబు చేసి చెబుతానన్నాడు. ఎంబీయే చదివిన కొడుక్కి తట్టని ప్రశ్న ఎనిమిదో తరగతితో ఆపేసిన తండ్రికి ఎలా తట్టింది? ఆయన జీవితమంతా గుత్తలతోనే గడిచింది మరి. కోస్తా వాళ్లు కౌలు అంటారే, దాన్నే మా వైపు గుత్త అంటాం. గుత్తకిచ్చిన చేనును ఆఖరి ఏడు చూస్తే తెలుస్తుంది. గుత్తదారుడు ఎరువు తోలడు, గట్టు వేయడు, తెగిన కాలువను కట్టడు. వచ్చే ఏడు తనది కాని నేల మీద రూపాయి పెట్టడానికి ఎవరికీ చేతులు రావు. గడువు ఉన్న ఆస్తి గుణమే అది. చివరికి వచ్చేకొద్దీ దాన్ని చూసే చూపు మారిపోతుంది. కొనేవాడి చూపు, అప్పిచ్చేవాడి చూపు కూడా.

ఇంగ్లండులో ఫ్లాటు కొన్నవారిలో అత్యధికులు నిజానికి కొన్నది గుత్తే. దాన్ని లీజ్‌హోల్డ్ అంటారు. నేలా, గోడలూ, పైకప్పూ ఇంకొకరివి. ఆయన ఫ్రీహోల్డర్. మనకు దక్కేది ఇన్నేళ్లపాటు ఆ ఫ్లాటులో ఉండే హక్కు, దాన్ని అమ్ముకునే హక్కు. సాధారణంగా 99 ఏళ్లు, 125 ఏళ్లు, కొన్నింటికి 999. ఏటా గ్రౌండ్ రెంట్ అని కొంత కట్టాలి. అది కాక నిర్వహణ ఖర్చులు. గడువు తీరిన నాడు ఫ్లాటు నేలగలవాడికి చేరిపోతుంది. అందులోనే కాపురం ఉన్నవారికి అద్దెదారుగా కొనసాగడానికి చట్టంలో కొంత రక్షణ ఉంది గానీ, ఆస్తి అనదగ్గది మాత్రం మిగలదు.

మన దగ్గర అలా కాదు. కడపలో అయినా హైదరాబాదులో అయినా అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో కింది స్థలంలో ఇన్ని గజాల అవిభక్త వాటా అని రాస్తారు. అపార్ట్‌మెంట్ల కోసం 1987లో రాష్ట్రం ప్రత్యేకంగా చట్టమే చేసింది. భవనం కూలిపోయినా ఆ ముప్పై, నలభై గజాల వాటా పోదు. ఇంగ్లండు వాళ్లకు ఈ తెలివి ఎందుకు లేకపోయిందంటే, వాళ్ల పాత న్యాయసూత్రం ఒకటి అడ్డం పడింది. పైకప్పు బాగుచేయించాలి, మెట్లకు సున్నం వేయించాలి అని డబ్బు ఖర్చయ్యే షరతులను సొంత హక్కుతో అమ్మిన ఆస్తి మీద పెడితే, అవి తర్వాత కొన్నవాడికి అంటుకోవు. లీజు మీద పెడితే అంటుకుంటాయి. మేడ మీద మేడ ఉన్నచోట ఆ షరతులు లేకపోతే గడవదు. అందుకని లీజే దారి అయింది. 2002లో కామన్‌హోల్డ్ పేరుతో మన పద్ధతికి దగ్గరైనది ఒకటి తెచ్చారు గానీ బిల్డర్లు దాని మొహం చూడలేదు. ఏటా గ్రౌండ్ రెంటూ, ఎప్పటికైనా పొడిగింపు సొమ్మూ వచ్చే దారి ఉండగా ఎందుకు చూస్తారు?

ఇక పెద్ద భూస్వాముల సంగతి. మద్రాసు రాష్ట్రంలో జమీందారీ రద్దు చట్టం 1948లోనే వచ్చింది. లండన్ నడిబొడ్డున మాత్రం ఆ వ్యవస్థ చెక్కు చెదరలేదు. మేఫెయిర్, బెల్‌గ్రేవియా పేటల్లో చాలా భాగం నేటికీ గ్రోవనర్ కుటుంబానిదే. 1677లో ఆ ఇంటి సర్ థామస్ గ్రోవనర్ 12 ఏళ్ల మేరీ డేవిస్‌ను పెళ్లాడితే పిల్లతోపాటు ఆ పొలాలు వచ్చాయి. అప్పట్లో అవి చిత్తడి నేలలూ పచ్చిక బీళ్లూ. మూడున్నర శతాబ్దాల నాటి కట్నం మీద ఇప్పటికీ గుత్తలు వస్తున్నాయి.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి అసలు లెక్కలోకి వద్దాం. లీజు పొడిగింపులో 'మ్యారేజ్ వాల్యూ' అని ఒకటుంది. లీజుదారుడి హక్కూ, నేలగలవాడి హక్కూ విడివిడిగా ఉంటే విలువ తక్కువ. రెండూ కలిస్తే ఆస్తి మొత్తం విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన దాన్నే పెళ్లి విలువ అన్నారు. అందులో సగం నేలగలవాడికి ఇచ్చుకోవాలి. అయితే లీజులో 80 ఏళ్లకు పైగా మిగిలి ఉంటే ఈ పద్దు అసలు లెక్కలోకే రాదు. ఈ గీత గీసింది 2002 నాటి చట్టం. ఎనభై నుంచి ఒక్కరోజు దిగినా పెళ్లి ఖర్చు నెత్తిన పడ్డట్టే.

ఎంత తేడా వస్తుందో ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. లీజు నిండుగా ఉంటే 3 లక్షల పౌండ్లు పలికే ఫ్లాటు. గ్రౌండ్ రెంట్ ఏడాదికి 200. దాన్ని 6 శాతం చొప్పున ఇప్పటి విలువకు తెద్దాం. గడువు తీరాక తిరిగి రావాల్సిన ఫ్లాటు విలువను 5 శాతం చొప్పున వెనక్కి లెక్కిద్దాం. ఫ్లాట్లకు ఈ 5 శాతం 2006 నాటి స్పోర్టెల్లీ కేసు నుంచి వాడుకలో స్థిరపడింది. 81 ఏళ్లు మిగిలి ఉండగా పొడిగిస్తే నేలగలవాడికి ఇవ్వాల్సింది దాదాపు 9 వేల పౌండ్లు. అదే ఆరేళ్లు ఆలస్యం చేసి 75కు దిగాక వెళితే, ఆ పాటి లీజుతో ఫ్లాటు 2 లక్షల 70 వేలే పలుకుతుందనుకుంటే, మొదటి పద్దు 11 వేలకు చేరుతుంది. దాని పైన పెళ్లి విలువలో సగం మరో 9,500. మొత్తం 20 వేలు దాటింది. ఆరేళ్లు ఊరికే కూర్చున్నందుకు పడిన అదనపు ఖర్చు 11 వేల పౌండ్ల పైమాట. మన రూపాయల్లోకి మార్చుకుంటే తోటలో ఎంత ముక్కో మీరే చూసుకోండి. సర్వేయర్ ఫీజూ, లాయర్ ఫీజూ వేరే. పాత పద్ధతిలో అవతలివాడి సర్వేయర్, లాయర్ ఖర్చులు కూడా సముచితమైన మేరకు మనమే పెట్టుకోవాలి. ఈ ఒక్కటి విన్నప్పుడు ఆ తుమ్మలపల్లె పెద్దాయన పకపకా నవ్వాడట. "వాని వకీలుకు మనం ఇచ్చేదేందిరా?"

మనం చెప్పుకున్న కుర్రాడి ఫ్లాటు లీజు 2008లో 99 ఏళ్లకు రాసింది. 2107లో ముగుస్తుంది. అంటే 2027లోనే ఎనభైకి దిగుతుంది. అమ్మేవాళ్లు సరిగ్గా ఇలాంటి సమయంలోనే అమ్మజూపడంలో ఆశ్చర్యం లేదు. బ్రోకరు కాగితంలో వంటగది కొత్తదని పెద్దక్షరాలతో ఉంది, రైల్వే స్టేషనుకు ఏడు నిమిషాల నడక అని ఉంది. లీజు సంగతి అడుగున చిన్నక్షరాల్లో ఉంది. డెబ్బై దరిదాపులకు దిగితే చాలా బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి. అప్పు పుట్టని ఫ్లాటును కొనేది రొక్కం ఉన్నవాడొక్కడే. వాడు అడిగే ధర వేరుగా ఉంటుంది.

అలాగని భయపడి పారిపోవాల్సిన పని లేదు. పొడిగింపు అక్కడ దయాధర్మం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 1993లో చేసిన చట్టం ప్రకారం ఫ్లాటు లీజుదారుడు నోటీసు ఇస్తే, మిగిలిన ఏళ్లకు మరో 90 కలిపి నేలగలవాడు కొత్త లీజు రాసి తీరాలి. 81 ఉంటే 171 అవుతుంది. ఆ రోజు నుంచి గ్రౌండ్ రెంట్ ఒక్క మిరియపు గింజ. నిజంగానే కాగితంలో అలాగే రాస్తారు. ఏదో ఒక ప్రతిఫలం లేనిదే ఒప్పందం చెల్లదన్న వాళ్ల పాత సూత్రానికి మర్యాదగా ఒక మిరియం. అడిగితే ఇవ్వాలి, అడిగేవాడు ఎవడూ లేడు. నోటీసు ఇచ్చిన తేదీ నాటి విలువే లెక్కకు వస్తుంది కాబట్టి బేరం ఎంత సాగినా ఏళ్లు కరగవు. నేలగలవాడు జవాబివ్వడానికి కనీసం రెండు నెలలు గడువుండాలి. ధర కుదరకపోతే ట్రిబ్యునల్ తేలుస్తుంది. ట్రిబ్యునల్‌కు వెళ్లడానికీ ఒక గడువుంది. దాన్ని తప్పితే నోటీసు చెల్లకుండా పోయి వ్యవహారం మొదటికొస్తుంది. ఈ లోపల ఎనభై దాటిపోయి ఉంటే ఇక చెప్పేదేముంది.

ఒక ఉచ్చు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నోటీసులూ లాయర్లూ ఎందుకు, మనలో మనం మాట్లాడుకుందాం అని నేలగలవాడి మనిషి ఉత్తరం రాస్తాడు. ధర తక్కువగానే కనిపిస్తుంది. తీరా చూస్తే 90 కలపడు, మళ్లీ 99 దాకా నింపుతాడంతే. పాత లీజులో మిగిలిన ఏళ్లకు గ్రౌండ్ రెంట్ కూడా అలాగే అట్టిపెడతాడు. ఆ రెంటు పదేళ్లకోసారి రెట్టింపయ్యే రకమైతే కథ కంచికి పోదు, మనమే పోతాం. 2022 జూన్ 30 తర్వాత రాసే కొత్త లీజులకు గ్రౌండ్ రెంట్ వసూలు చేయకూడదని చట్టం వచ్చింది గానీ, అంతకుముందు రాసినవాటిని అది తాకలేదు.

2024 మే 24న ఇంకో చట్టానికి రాజముద్ర పడింది. 90 ఏళ్ల బదులు 990 ఏళ్లు, పెళ్లి విలువ రద్దు, నేలగలవాడి ఖర్చులు చాలావరకు వాడివే. వినడానికి బాగుంది. కానీ చట్టం అయినంత మాత్రాన అన్ని సెక్షన్లూ ఒకేసారి అమలులోకి రావు. కొన్న రెండేళ్ల దాకా పొడిగింపు అడగకూడదన్న పాత నిబంధన 2025 జనవరి 31న పోయింది. ఈ చట్టం తమ ఆస్తి హక్కును హరిస్తోందని పెద్ద ఫ్రీహోల్డర్లు హైకోర్టుకెక్కితే 2025 అక్టోబరులో కోర్టు వారి వాదనను తోసిపుచ్చింది. పెళ్లి విలువ రద్దుకు వేరే అమలు ఉత్తర్వు కావాలి. అది వచ్చిందా లేదా అన్నది కొనే రోజున లాయరుతో రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. 'వస్తుందంట' అని ఎనభై దాటనివ్వడం జూదం. మేఘాన్ని చూసి విత్తనం వేసిన వాళ్లు మా సీమలో చాలామంది ఉన్నారు. వాళ్లనడగండి.

ఈ పొడిగింపు హక్కు అన్ని దేశాల్లోనూ ఉంటుందనుకోవద్దు. సింగపూర్‌లో మనవాళ్లు వేలాదిగా ఉన్నారు. అక్కడి ప్రభుత్వ గృహసంస్థ ఫ్లాట్లు దాదాపు అన్నీ 99 ఏళ్ల లీజువే. గడువు తీరితే ప్రభుత్వానికి వెళ్లిపోతాయి. పాత ఫ్లాట్లన్నింటినీ ప్రభుత్వం మంచి ధరకు తీసుకుంటుందని జనం ధీమాగా ఉండేవారు. అలా అనుకుని ఎక్కువ ధరలకు కొనొద్దని 2017లో అక్కడి మంత్రి లారెన్స్ వాంగ్ బహిరంగంగానే హెచ్చరించారు. అది వట్టి మాట కాదని గేలాంగ్ పేటలో రుజువైంది. అక్కడి 191 ఇళ్లకు 60 ఏళ్ల ప్రైవేటు లీజు ఉండేది. 2020 డిసెంబరు 31తో అది ముగిసింది. నష్టపరిహారం లేదు, పొడిగింపు లేదు. తాళాలు ఇచ్చేసి వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇంగ్లండును చూసి ముక్కున వేలేసుకునే ముందు మన గుమ్మం కూడా చూసుకోవాలి. పాసు పుస్తకంలో గడువు లేకపోవడం ఆకాశం నుంచి ఊడిపడ్డ వరమేమీ కాదు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారపోశాక వచ్చిన కలెక్టరు థామస్ మన్రో రైతు పేరుతోనే పట్టా రాయించాడు. 1807లో ఆయన సీమ వదిలి వెళ్లగానే పైవాళ్లు ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చారు. మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. గడువులోపల పిండుకోవాలని గుత్తదారులు చూశారు, చాలామంది చితికిపోయారు, రైతులూ చితికిపోయారు. మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక రైత్వారీ నిలబడింది. గడువులేని కాగితం మనకు అలా దక్కింది.

ఆ కాగితం లేని గుత్తరైతు మాటేమిటి? 1956 నాటి కౌలు చట్టాన్ని 1974లో సవరించి ఏ కౌలైనా రాతపూర్వకంగా, కనీసం ఆరేళ్లకు ఉండాలన్నారు. ఆరేళ్లయ్యాక మళ్లీ పొడిగింపు. లండన్ లీజుదారుడికి 1993లో దొరికిన హక్కు మన గుత్తరైతుకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే దొరికింది. ఏం జరిగింది? భూములున్నవాళ్లు కాగితం రాయడమే మానేశారు. ఉగాదికి నోటిమాట, మళ్లీ ఉగాదికి మరో నోటిమాట. హక్కు పుస్తకంలో ఉంది, అది తగిలించుకోవడానికి కాగితం లేదు. 2019లో పంట సాగుదారుల చట్టం తెచ్చినప్పుడు ఒప్పందం 11 నెలలకే పరిమితం చేశారు, యజమాని భయపడకుండా కార్డు మీద సంతకం పెడతాడని. 99 ఏళ్లు ఒకచోట, 11 నెలలు ఇంకోచోట.

తుమ్మలపల్లెకు సొంతంగా ఒక పెద్ద లీజు ఉంది. ఊరి కింద యురేనియం. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం మొదలయ్యాయి. 1957 నాటి గనుల చట్టం ప్రకారం ఈ రకం ఖనిజానికి లీజు 30 ఏళ్లకు మించకూడదు, పొడిగింపు ఒక్కోసారి 20 ఏళ్లకు మించకూడదు, దానికి కేంద్రం ఒప్పుకోవాలి. కేంద్రం కంపెనీకి కేంద్రమే ఒప్పుకోవాలి కాబట్టి అక్కడ ఎనభై ఏళ్ల గుబులేమీ ఉండదు. గుబులంతా కొట్టాల దగ్గరున్న వ్యర్థాల చెరువు కిందివాళ్లది. బోర్లలో నీళ్లు చెడిపోయాయని, అరటీ చీనీ దెబ్బతిన్నాయని రైతులు ఏళ్లతరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. గని లీజు ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. చెరువుకు ఆ తేదీ లేదు.

అలాంటిచోట గడువులేని రెండెకరాలు అమ్మి, గడువున్న ఫ్లాటు కొనడం తప్పని నేననను. నీళ్లు చెడిన చోట భూమికీ ధర నిలవదు. కుర్రాడి బతుకు అక్కడుంది, అద్దెలు మండిపోతున్నాయి. కానీ బేరం తెగేముందు చేయాల్సినవి ఉన్నాయి. ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుము కడితే ఆ ఫ్లాటు వివరాల పత్రం ఎవరికైనా ఇస్తారు. లీజు ఏ తేదీ నుంచి, ఎన్నేళ్లకు అన్నది అందులో ఉంటుంది. బ్రోకరు నోటితో చెప్పిన అంకె కాకుండా దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. గ్రౌండ్ రెంట్ ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుందో అసలు లీజు చదివి చూడాలి. పొడిగింపు ఖర్చును సర్వేయరుతో ముందే కట్టించి, దాన్ని అడిగిన ధరలోంచి కోసేయాలి. అన్నింటికంటే తెలివైన పని, పొడిగింపు నోటీసును అమ్మేవాడి చేతే ఇప్పించి, ఆ నోటీసు హక్కును అమ్మకంతోపాటే మన పేర మార్పించుకోవడం. అక్కడ ఇది మామూలుగా జరిగేదే. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ల్యాండ్ రిజిస్ట్రీలో ఫ్లాటు మన పేర నమోదు కాగానే మనమే ఇవ్వొచ్చు. రెండేళ్లు ఆగే పని ఎలాగూ లేదు. కుర్రాడు ఇప్పుడు ఆ సర్వేయరు జవాబు కోసం చూస్తున్నాడు. తోట బేరం అప్పటిదాకా ఆగింది.